హిస్ బాక్సులో పుట్టదు

బందరు, గుడివాడ, అవనిగడ్డ చుట్టుపక్కల బేస్ గిటార్ వినాలంటే కచేరీ హాళ్లు వెతుక్కోనక్కర్లేదు. ఆదివారం పొద్దున్నే ఏ చర్చి ముందు నిలబడినా చాలు. డిసెంబరంతా సెమీ క్రిస్మస్ స్టేజీలు, అవి అయ్యేసరికి సంక్రాంతి ఆర్కెస్ట్రాలు. పాట నడుస్తున్నంతసేపూ ఎవరికీ ఏ లోపమూ తెలియదు. పాట ఆగి, పాస్టరుగారు కళ్లు మూసుకుని ప్రార్థన ఎత్తుకోగానే బేస్ బాక్సులోంచి ‘స్స్స్’ మని సన్నటి మోత బయటపడుతుంది. దానికి కారణం వెనక వరసలో కూర్చున్న ప్రతివారికీ తెలుసు. ఒకరు ఎర్త్ అంటారు, ఒకరు బాక్సు పోయిందంటారు, ఇంకొకరు వైరు మార్చమంటారు. సంఘం డబ్బు ఖర్చయ్యేది ఈ సలహాల మీదే.

డబ్బు తీసేముందు చెవితో తేల్చుకోవలసింది ఒకటుంది. ‘గుయ్’ మని లోతుగా వచ్చేది కరెంటు లైనుకున్న 50 హెర్ట్జ్, దాని రెట్టింపు 100 హెర్ట్జ్. దాన్ని హమ్ అంటారు. ‘జర్ర్’ మని గీరినట్టుండేది ఎక్కువగా అలంకరణకు చుట్టిన సీరియల్ సెట్లదీ, ఎల్ఈడీ లైట్ల డ్రైవర్లదీ. వైరు కదిలిస్తే చిటపటలాడేది జాకులో తుప్పు. ఇవేవీ కాకుండా, ఏది కదిపినా మారకుండా, వాన దూరంగా కురుస్తున్నట్టు ఒకే తీరున వినపడేదే హిస్. ఒక రోగానికిచ్చే మందు ఇంకో రోగానికి వేయడం వల్లే ఈ విషయంలో అపోహలు ఇన్ని పెరిగాయి.

అపోహ: ఎర్త్ సరిగా లేక హిస్ వస్తోంది. ఉప్పు, బొగ్గు వేసి కొత్త ఎర్త్ దింపితే పోతుంది.

వాస్తవం: పోదు. ఎర్త్ సరిగా లేకపోతే వచ్చేది హమ్. గిటార్ తీగల మీద చెయ్యి పెట్టగానే తగ్గి, తీయగానే పెరిగే మోత వినపడితే అప్పుడు ఎర్త్‌నూ షీల్డింగ్‌నూ అనుమానించాలి. హిస్‌కు మీ చెయ్యి తీగల మీద ఉందో లేదో పట్టదు. సింగిల్ కాయిల్ పికప్ (తీగల కదలికను పట్టే ఒంటి తీగచుట్ట) ఉన్న గిటార్ పట్టుకుని నిలబడినచోటే ఒక చుట్టు తిరిగి చూడండి. తిరిగేకొద్దీ మోత హెచ్చుతగ్గులైతే అది బయటి కరెంటు తీగల నుంచి, లైట్ల నుంచి పికప్ పట్టుకున్నది. మారకుండా సన్నగా ‘స్స్’ మంటూనే ఉంటే హిస్.

ఎర్త్ వద్దని కాదు, తప్పకుండా ఉండాలి. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి, ఎడమ చేత్తో గిటార్ తీగలు పట్టుకుని, పెదవి మైకుకు ఆనించి పాడే కుర్రాడికి అది ప్రాణరక్షణ. ఉప్పుగాలి తగిలే కృత్తివెన్నులోనో నాగాయలంకలోనో నేలలో చెమ్మ ఎక్కువ కాబట్టి ఎర్త్ బాగానే అందుతుంది గానీ, అదే ఉప్పు పైపునూ, పైపుకు బిగించిన బోల్టునూ తినేస్తుంది. పైకి తీగ కనపడుతున్నంత మాత్రాన లోపల ఎర్త్ ఉన్నట్టు కాదు. ఏటా ఒకసారి ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టించి చూసుకోవడం మంచిది.

ఇక్కడే ఒక ప్రమాదకరమైన అలవాటు గురించి చెప్పాలి. మోత తగ్గుతుందని ప్లగ్గుకున్న మూడో పిన్ను విరిచేసేవాళ్లు, ఆ వైరు కత్తిరించేవాళ్లు ఉన్నారు. పరికరాల ఎర్త్‌లు రెండు దారుల్లో కలవడం (గ్రౌండ్ లూప్) వల్ల వచ్చే హమ్ ఒక్కోసారి దీంతో నిజంగానే తగ్గుతుంది, అందుకే ఈ అలవాటు పోవడంలేదు. కానీ ఎర్త్‌తో ఆటలాడితే ప్రాణమే పోవచ్చు. 1972 మేలో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్లీ హార్వీ ఎర్త్ సరిగా లేని మైకును ముట్టుకుని స్టేజీ మీదే చనిపోయాడు. పిన్ను విరవకుండానే, బేస్ ఆంప్, మిక్సర్, మైక్ సెట్ అన్నింటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇస్తే సగం హమ్ అక్కడే పోతుంది. మిగిలినదాన్ని డీఐ బాక్సు (దాని సంగతి తర్వాత చెబుతాను) మీద ఉండే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చితో తీయొచ్చు. అది సిగ్నల్ వైరు షీల్డును మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్ జోలికి పోదు.

అపోహ: బాక్సు పాతబడింది. స్పీకర్ మారిస్తే హిస్ ఆగుతుంది.

వాస్తవం: స్పీకర్ తనంతట తాను చప్పుడు చేయదు. వైరు పీకేసి చెవి ఆనించండి, నిశ్శబ్దం. స్పీకర్ నిజంగా పోతే కోన్ చిరిగి పరపరలాడుతుంది, లేదా కాయిల్ రాసుకుని గీరుకుంటుంది. అదీ నోటు మోగించినప్పుడే.

అయితే పాత బాక్సుతో రాని హిస్ కొత్త బాక్సుతో వస్తోందనే ఫిర్యాదు అబద్ధం కాదు. పాత బాక్సులో 15 అంగుళాల వూఫర్ ఒక్కటే ఉండేది. కొత్తదానిలో ట్వీటర్, అంటే పైశ్రుతులు పలికే చిన్న స్పీకర్ కూడా ఉంది. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా లోతైన తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఆ సప్తకం, అంటే 40 నుంచి 80 దాకా, వెడల్పు 40 హెర్ట్జ్ మాత్రమే. 5,000 నుంచి 10,000 దాకా ఉన్నదీ ఒక సప్తకమే, దాని వెడల్పు 5,000 హెర్ట్జ్. హిస్ అన్ని హెర్ట్జ్‌ల మీదా సమానంగా పరుచుకుని ఉంటుంది కాబట్టి పై సప్తకంలో దాని శక్తి కిందదానికి 125 రెట్లు. మన చెవి చురుకుదనమేమో మూడు, నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర శిఖరానికి చేరుతుంది. అంటే హిస్ ఎక్కువగా ఉన్నచోటికి ట్వీటర్ తలుపు తీసింది, చెవి అక్కడే కాపుకాసి ఉంది. బేస్‌కు ట్వీటర్ తప్పనిసరి కూడా కాదు. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ 300 వాట్ల వాల్వ్ ఆంప్. దానికి జత చేసే బాక్సులో 10 అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉంటాయి, అసలు రూపంలో ట్వీటర్ లేదు. రాక్ బేస్ అంటే ఇలా ఉండాలని చాలామందికి నేర్పింది ఆ బాక్సు.

కంపెనీ బేస్ క్యాబినెట్లలో చాలావాటికి వెనకవైపు ట్వీటర్‌కు ఒక నాబ్ ఉంటుంది. దాన్ని చూడకుండానే ఏళ్లు గడిపేసేవాళ్లున్నారు. కీర్తనలకూ ఆరాధన పాటలకూ వేళ్లతో మీటే బేస్‌కు ఆ నాబ్ సగానికన్నా పైన ఉండాల్సిన పనిలేదు. బొటనవేలితో కొట్టే స్లాప్ శైలి వాయించేవాళ్లకే ఆ పైమెరుపు కావాలి. ఇక్కడే కట్టించిన బాక్సయితే కట్టిన మెకానిక్‌నే అడిగి ట్వీటర్‌కు ఒక కంట్రోలు పెట్టించుకోవచ్చు. గుడ్డ కుక్కడం, ట్వీటర్ మీద టేపు అంటించడం కన్నా ఇదే శుభ్రమైన పని.

అపోహ: వాట్లు ఎక్కువున్న ఆంప్ కొంటే హిస్ ఉండదు. (దీని కవల ఒకటుంది: వాట్లు పెరిగితే హిస్ పెరుగుతుంది.)

వాస్తవం: రెండింటిలోనూ చూడాల్సింది వాట్లను కాదు, గెయిన్‌ను, అంటే సిగ్నల్‌ను ఎన్నిరెట్లు పెంచుతున్నామన్నదాన్ని. 1944లో హెరాల్డ్ ఫ్రీస్ అనే ఇంజినీరు, ఒకదాని వెనక ఒకటి తగిలించిన ఆంప్లిఫైయర్లలో మొత్తం రొద ఎంతన్నది ప్రధానంగా మొదటిదాన్ని బట్టే ఉంటుందని లెక్కకట్టి చూపాడు. విజయవాడలో బ్యారేజీ దగ్గర కాలువ తలలో కలిసిన బురద బందరు దాకా ప్రతి తూములోంచీ వస్తుంది. చివరి పిల్లకాలువలో ఎంత పూడిక తీసినా నీళ్లు తేటపడవు. మొదటి అంచెలో పుట్టిన ఒక మైక్రోవోల్టు హిస్‌ను వెనక ఉన్న అంచెలన్నీ వేలరెట్లు పెంచి బాక్సుకు పంపుతాయి. చివరి పవర్ ఆంప్‌లో పుట్టే హిస్‌ను పెంచడానికి దాని వెనక ఇంకేమీ లేదు.

ఈ సూత్రం సంగీతానికే పరిమితం కాదు. బందరులో వాతావరణ శాఖకు డాప్లర్ రాడార్ ఉంది. తుపాను మేఘాల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని ఎంతో బలహీనమైనది. అందుకే ఇలాంటి రాడార్లలో తక్కువ రొద పుట్టించే ఆంప్లిఫైయర్‌ను రిసీవర్ మొదట్లోనే పెడతారు. మొదట్లో చెడితే కంప్యూటర్ ఎంత పెద్దదైనా లాభం లేదు.

మన సెట్‌లో హిస్ ఎక్కడ పుడుతోందో పట్టుకోవడానికి మీటరు అక్కర్లేదు. గిటార్ వైరు ఆంప్ నుంచి పూర్తిగా తీసేయండి. హిస్ పోతే అది గిటార్‌దో, పెడల్‌దో. అలాగే ఉంటే గెయిన్ సున్నాకు తిప్పండి. అప్పుడు తగ్గితే మొదటి అంచెది. తగ్గకపోతే మాస్టర్ సున్నా చేయండి. మాస్టర్ సున్నాలో ఉన్నా వినపడేదే పవర్ ఆంప్ సొంత హిస్. ఆరోగ్యంగా ఉన్న ఆంప్‌లో అది చెవి బాక్సుకు ఆనిస్తే గానీ తెలియదు. నాలుగడుగుల దూరం నుంచి కూడా వినపడితే అప్పుడు మెకానిక్ దగ్గరకు వెళ్లండి, వెళ్లి ఈ పరీక్షంతా చెప్పండి. ‘సౌండొస్తోంది’ అని మాత్రం చెబితే ఆయన కనపడిన కండెన్సర్లన్నీ మార్చి బిల్లు వేయడంలో ఆయన తప్పేమీ లేదు.

వాల్వ్ ఆంప్ ఉన్నవాళ్లకు ఒక్కమాట. ఖరీదైన పవర్ వాల్వులు మార్చినా హిస్ తగ్గదు. మార్చి చూడాల్సింది ఇన్‌పుట్ పక్కనున్న మొదటి చిన్న వాల్వును.

అపోహ: గిటార్ పిన్ను మైక్ సెట్‌లో పడితే చాలు, బేస్ ఆంప్ ఉన్నట్టే.

వాస్తవం: మన ప్రాంతంలో వినపడే హిస్‌లో అధికభాగం ఇక్కడే పుడుతోందని నా నమ్మకం. చిన్న చర్చికి బేస్ ఆంప్ కొనే స్తోమత ఉండదు. బ్యాటరీ లేని మామూలు పాసివ్ గిటార్‌ను తెచ్చి మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌లో గుచ్చుతారు. పిన్ను పట్టింది, శబ్దం వచ్చింది, పనైపోయిందనుకుంటారు.

లోపల జరిగేది వేరు. పికప్‌ను సుమారు పది కిలో ఓమ్‌ల మూలం అనుకుందాం. మిక్సర్ మైక్ ఇన్‌పుట్ నిరోధం దాదాపు రెండు కిలో ఓమ్‌లు. ఈ రెండూ కలిస్తే గిటార్ ఇచ్చిన వోల్టేజిలో ఆరో వంతే లోపలికి వెళ్తుంది. పికప్ అంటే వేలచుట్ల తీగ కాబట్టి పైశ్రుతులు ఇంకా ఎక్కువ నష్టపోతాయి. వాయిద్యం మొద్దుగా, నీరసంగా వినపడుతుంది. మిక్సర్ దగ్గర కూర్చున్నాయన చేసేది అందరూ చేసేదే: గెయిన్ పెంచుతాడు, ట్రెబుల్ పెంచుతాడు. పోయిన సిగ్నల్ తిరిగి రాదు, హిస్ మాత్రం రెండు నాబ్‌ల మేరా పెరుగుతుంది. నేరం బాక్సు మీద పడుతుంది.

గిటార్‌కు పది లక్షల ఓమ్‌ల ఇన్‌పుట్ కావాలి, అంటే ఒక మెగా ఓమ్. బేస్ ఆంప్‌లకు అది ఉంటుంది. మిక్సర్‌కు వెళ్లాలంటే మధ్యలో డీఐ బాక్సు కావాలి; గిటార్ వైపు అది ఎక్కువ నిరోధం చూపిస్తుంది, మిక్సర్ వైపు మైకులాగే బ్యాలెన్స్‌డ్ సిగ్నల్ ఇస్తుంది. కొన్ని మిక్సర్లలో ‘హై జెడ్’ అనో, గిటార్ బొమ్మతోనో ఒక స్విచ్చి ఉంటుంది, అది ఉంటే వేరే డీఐ అక్కర్లేదు. కొత్త స్పీకర్ కొనే డబ్బులో చిన్న వంతుకే డీఐ వస్తుంది. హిస్ తగ్గించడానికి ఒక్క వస్తువే కొనగలిగితే ఇదే కొనమంటాను.

ఇదే కోవలో ఇంకో అలవాటు: గిటార్ వాల్యూమ్ సగంలో ఉంచి, ఆంప్ గెయిన్ పెంచుకోవడం. చేతికింద కొంచెం మిగులు ఉంటుందని అలా చేస్తారు. వాల్యూమ్ నాబ్ సగంలో ఉన్నప్పుడు ఆ నాబ్ నిరోధమే కొత్త హిస్‌కు మూలం. 250 కిలో ఓమ్‌ల నాబ్ నడిమధ్యలో ఉంటే పుట్టే హిస్ నాలుగున్నర మైక్రోవోల్టులు; పూర్తిగా తెరిస్తే పికప్ వంతు రెండు మైక్రోవోల్టుల లోపే. గిటార్ పూర్తిగా తెరిచి, గెయిన్ దించి వాయించడమే మేలు. పాసివ్ పికప్ వంద మిల్లీవోల్టులు ఇస్తోందనుకుంటే అది పికప్ సొంత హిస్‌కు 50,000 రెట్లకు పైమాటే. అంటే పుట్టుకలో హిస్ సమస్యే కాదు. మధ్యలో మనం సిగ్నల్‌ను పోగొట్టుకున్నచోటే అది సమస్య అవుతుంది.

అపోహ: పిన్ను గుచ్చని ఛానెల్ నుంచి ఏమీ రాదు.

వాస్తవం: ఆ ఛానెల్ ఫేడర్ (జారే వాల్యూమ్ మీట) పైన ఉంటే దాని హిస్ వస్తూనే ఉంటుంది. ఒకే స్థాయిలో తెరిచిన ఛానెళ్లు రెట్టింపయితే హిస్ మూడు డెసిబెల్స్ పెరుగుతుంది. ఒకటికి బదులు ఎనిమిది తెరిస్తే తొమ్మిది. వాడనివి దించేయండి. ఖర్చు లేని వైద్యం.

అపోహ: ఎండాకాలం ఆంప్ వేడెక్కి హిస్ పెరుగుతుంది. కూలర్ పెడితే తగ్గుతుంది.

వాస్తవం: ఇందులో చిన్న నిజం ఉంది, అది వినపడనంత చిన్నది. ఏ నిరోధంలోనైనా ఎలక్ట్రాన్లు వేడికి అటూ ఇటూ కదులుతూ సన్నటి రొద పుట్టిస్తాయి. 1920ల చివర్లో బెల్ ల్యాబ్స్‌లో జాన్ జాన్సన్ దాన్ని కొలిచాడు, హ్యారీ నైక్విస్ట్ 1928లో సిద్ధాంతం చెప్పాడు. వేడి పెరిగితే రొద పెరిగేమాట నిజమే. కానీ లెక్క పరమశూన్యం నుంచి, అంటే మైనస్ 273 డిగ్రీల నుంచి మొదలవుతుంది. 25 డిగ్రీల పుష్యమాసం రోజుకూ, 45 డిగ్రీల రోహిణీ కార్తె రోజుకూ తేడా పావు డెసిబెల్‌కు కాస్త ఎక్కువ. ఒక డెసిబెల్ తేడానే చెవి కష్టం మీద పట్టుకుంటుంది.

ఎండాకాలం మరి ఎక్కువ వినపడుతోందే అనేవాళ్లు తల తిప్పి ఆంప్ వెనక చెవి పెట్టాలి. లోపలి ఫ్యాన్ వేడికి జోరుగా తిరుగుతుంటుంది. దుమ్ము పట్టిన ఫ్యాను గాలి కూడా ‘స్స్’ మనే అంటుంది. మాస్టర్ సున్నాలోనూ వస్తుంది, బాక్సులోంచి కాకుండా ఆంప్‌లోంచి వస్తుంది. దానికి బ్రష్షు చాలు.

అపోహ: బంగారు పూత పిన్నులున్న ఖరీదైన కేబుల్ హిస్ తీసేస్తుంది.

వాస్తవం: మంచి షీల్డున్న కేబుల్ హమ్‌నూ జరజరనూ ఆపుతుంది. హిస్ ఆంప్ లోపలే పుడుతుంటే కేబుల్ ఏం చేయగలదు? కాకపోతే తుప్పు విషయంలో మంగినపూడి దగ్గరా, కోడూరు దగ్గరా ఉండేవాళ్లకు పూతపూసిన పిన్నుల వల్ల నిజంగానే లాభం ఉంది. సముద్రపు గాలిలో మామూలు జాకులు త్వరగా నల్లబడతాయి. ఆ చిటపటలకు ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పిన్నును పదిసార్లు తోసి తీస్తే సరిపోతుంది. వాల్యూమ్ నాబ్‌లో చేతికందిన నూనె పోస్తే వారం రోజులు బాగానే ఉంటుంది, తర్వాత దుమ్మును పట్టి మరింత చెడుతుంది.

రొయ్యల చెరువుల ఏరేటర్లు నడిచే లైన్ల మీద ఓల్టేజి ఎగుడుదిగుడుగా ఉండి హిస్ వస్తోందన్న మాట బంటుమిల్లి వైపు వింటుంటాం. ఓల్టేజి ఊగితే లైట్లు ఊగుతాయి, మరీ పడిపోతే ఆంప్ ఆగిపోతుంది. మోటార్ల వల్ల చిటుక్కుమన్న చప్పుళ్లో గుర్రు మోతో రావచ్చు. హిస్ రాదు.

అపోహ: నాయిస్ గేట్ పెడల్ పెడితే హిస్ మాయం.

వాస్తవం: గేట్ అంటే పేరుకు తగ్గట్టే తలుపు. మీరు వాయించనప్పుడు మూస్తుంది, వాయించగానే తీస్తుంది. తీసినప్పుడు హిస్ కూడా లోపలికి వస్తుంది, నోటు మోతలో మునిగి వినపడదంతే. పెడల్స్‌లో పుట్టే హిస్‌ను పాటల మధ్య మూయడానికి గేట్ మంచిదే. గేట్ తర్వాత ఆంప్‌లో పుట్టే హిస్ మీద దానికి అధికారం లేదు. పైగా నెమ్మదైన కీర్తనలో బేస్ నోటు సాగుతూ సాగుతూ తగ్గిపోయేచోట గేట్ టక్కున తోక కోసేస్తుంది. హిస్ కన్నా అదే చెవికి ఎక్కువ ఇబ్బంది.

కంప్రెసర్ సంగతి ఇంకోరకం. అది పెద్ద నోట్లను అణచి, మొత్తాన్ని పైకి లేపుతుంది. పది డెసిబెల్స్ లేపితే మౌనంలో హిస్ కూడా పది లేస్తుంది. నోటు ఆరిపోతుండగా హిస్ మెల్లగా ఉబ్బుతూ వస్తే కంప్రెసర్‌నే పట్టుకోండి.

‘క్యాసెట్లకు డాల్బీ వచ్చి హిస్ తగ్గింది కదా, ఆంప్‌కు అలాంటిది లేదా’ అని అడిగేవాళ్లున్నారు. ప్రశ్న మంచిదే. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల పాటలను పాత టేపుల మీద విన్నవాళ్లకు ఆ హిస్ పరిచయమే. అది టేపు మీదున్న అయస్కాంత రేణువుల వల్ల పుట్టేది. రే డాల్బీ 1965లో సంస్థ పెట్టి కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, రికార్డు చేసేటప్పుడు చిన్న శబ్దాలను పెంచి ఎక్కించడం, వినిపించేటప్పుడు అంతే తగ్గించడం. తగ్గించేటప్పుడు టేపు హిస్ కూడా తగ్గుతుంది. హిస్ పుట్టేచోటుకు ముందూ వెనకా రెండు పనులు జరిగితేనే అది కుదురుతుంది. ఆంప్‌లో హిస్ మొదటి అంచెలోనే పుడుతోంది. దానికి ముందు ఉన్నది గిటార్ ఒక్కటే. కాబట్టి బ్యాటరీతో నడిచే యాక్టివ్ గిటార్ సిగ్నల్‌ను ముందే పెంచి పంపితే ఆంప్ హిస్ వెనకబడుతుంది. అదే గిటార్ మీద ట్రెబుల్ నాబ్ చివరిదాకా తిప్పితే లాభమంతా పోతుంది.

అపోహ: మంచి సెట్ అంటే హిస్ సున్నా.

వాస్తవం: సున్నా ఎక్కడా లేదు. బందరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో రాత్రిపూట చూసే పరికరాలు తయారవుతాయి. అలాంటి పరికరంలోంచి మసకచీకట్లోకి చూస్తే దృశ్యం మీద చుక్కలు మినుకుమినుకుమంటాయి. కాంతి కణాలు ఒక్కొక్కటిగా, అస్తవ్యస్తంగా వచ్చి పడటం వల్ల కనిపించే ఆ చుక్కలు కంటికి హిస్ లాంటివే. ఎలక్ట్రాన్లు అలా విడివిడిగా రావడం వల్ల రొద తప్పదని వాల్టర్ షాట్కీ 1918లోనే చెప్పాడు.

ముందు వరసలో కూర్చున్నవాళ్లకు ప్రార్థన సమయంలో వినపడకపోతే అది చాలు. ఆరుబయట దూరం రెట్టింపయితే ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది, కాబట్టి బాక్సును వీలైనంత వెనక్కి జరపడం కూడా ఒక ఉపాయమే. అంతకన్నా ముఖ్యం, బేస్ బాక్సు ముఖం ప్రసంగం మైకు వైపు లేకుండా చూడటం. ఆ మైకు బాక్సు హిస్‌ను పట్టి హాలంతా మోసుకెళ్తుంది. ఆంప్ మీద మ్యూట్ స్విచ్చి ఉంటే పాట కాగానే నొక్కేయొచ్చు. గిటార్ వాల్యూమ్ సున్నా చేయడం దీనికి సమానం కాదు, ఆంప్ హిస్ అలాగే ఉంటుంది. తర్వాతి పాట మొదలైనా బేస్ వినపడటంలేదని నాలుగు లైన్ల దాకా ఎవరూ గమనించకపోతే మ్యూట్ తీయడం మరిచిపోయారన్నమాట, అప్పుడు వైర్లు పీకి చూడకండి.